విభూది బుధవారము

క్రైస్తవుల పర్వదినములనగానే మనలో అనేకులకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది క్రిస్మసు. ఇంటి ముంగిట వ్రేలాడు కాగితపు నక్షత్రము, పొరుగింటివారు పంపిన కేకు ముక్క – ఇవి మతభేదము లేక అందరు ఎరిగినవే. గుడ్ ఫ్రైడే కచేరీలకు సెలవుదినము గనుక అదియు గుర్తుండును. కాని సెలవు లేనిదియు, విందు లేనిదియు, క్రొత్తబట్టలు లేనిదియు నగు దినమొకటి యున్నది. ఆనాడు ఆసుపత్రిలో నర్సమ్మ నొసటనో, బడిలో పంతులుగారి నొసటనో, బస్సులో మన ప్రక్కన కూర్చున్న విద్యార్థి నొసటనో బూడిదతో గీసిన చిన్న సిలువ గుర్తు కనబడును. చూచినవారు ఇదేమి బొట్టని ఒక్క క్షణము వింతపడి ఊరకుందురు. అది కతోలికుల విభూది బుధవారము. పాస్కా పండుగకు ముందు వారు పాటించు తపస్సు కాలమునకు అది తొలిదినము.

ఆ దినము ఒక విచారణలో ఎట్లు గడచునో కన్నులార చూచి, చేతనైనంతవరకు శబ్దముద్రణము చేసి శ్రోతలకు వినిపింపవలెనని మేము కొన్నియేండ్ల క్రిందట గుంటూరు సీమలోని ఒక గ్రామమునకు పోయితిమి. 'విచారణ' యను మాటకు కతోలికుల వ్యవహారమున ఒక ప్రత్యేకార్థము కలదు. ఒక గురువు బాధ్యతలో నుండు విశ్వాసుల సమాజము విచారణ. దాని క్రింద ఐదారు మొదలు పది పండ్రెండు వరకు పల్లెలుండవచ్చును. గురువు ప్రతి ఆదివారము అన్ని పల్లెలకు పోజాలరు గనుక, పల్లెలలో ప్రార్థన నడుపుటకును, పిల్లలకు జపములు నేర్పుటకును ఉపదేశులుందురు. విచారణలు చేరి ఒక మేత్రాసనము. దాని కధిపతి మేత్రాణులు. ఈ మాటలు తెలుగు కతోలికుల ఇండ్లలో తరతరములుగా వాడుకలో నున్నవి. పరాయిదనుకొన్న చోట ఇంత తెలుగున్నదా యని మొదటిసారి వినువారు ఆశ్చర్యపడుదురు.

మేము పోయిన గ్రామమున దేవాలయపు గంట తెల్లవారుజామున నాలుగున్నరకే మ్రోగినది. అంత పెందలకడ ఎందుకని అడుగనక్కర లేకపోయెను. అవి మిరపకోతల దినములు. ఆరు గంటలు కాకముందే కూలివారి ఆటోలు చేలకు బయలుదేరును. వారికి పూజ తప్పకుండుటకై గురువుగారు ఐదు గంటలకొక దివ్యబలిపూజయు, పట్టణమున ఉద్యోగములు చేయువారికై సాయంకాలమొక పూజయు ఏర్పాటు చేసిరి. స్త్రీలు అన్నపు క్యారియర్లను గోడవార వరుసగా పెట్టి, మిరప ఘాటుకు ముఖమునకు చుట్టుకొను గుడ్డలను భుజములపై వేసికొని, నేలపై కూర్చుండిరి. బలిపీఠముపై ఊదారంగు వస్త్రము పరచియుండెను. పూలు లేవు. తపస్సు కాలమున పీఠమును పూలతో అలంకరింపరాదని నియమము. పూజలో మహిమగీతము పాడరు. అల్లెలూయ యను మాటను పాస్కా జాగరణ రాత్రి వరకు పలుకరు. వాద్యములు పాటకు ఊతగా మాత్రమే ఉండవలెను. ఆనాడు తబల గుడ్డలో చుట్టబడి ఒక మూల నుండెను. హార్మణీ యొక్కటియే శ్రుతి నిలిపినది.

ప్రసంగము ముగిసిన పిమ్మట గురువుగారు గిన్నెలోని విభూదిని ఆశీర్వదించి, తీర్థజలము చల్లి, మొదట తన తలపై తానే ఉంచుకొనిరి. తరువాత జనము వరుసలు కట్టిరి. ఒక్కొక్కరి నొసట బొటనవ్రేలితో సిలువ గుర్తు వ్రాయుచు, మనుష్యుడు మట్టి యనియు, తిరిగి మట్టిలోనే కలియుననియు జ్ఞాపకము చేయుచుండిరి. ఇందుకు బదులుగా, మనసు మార్చుకొని సువార్తను నమ్ముమని హెచ్చరించు వాక్యమును కూడ పలుకవచ్చును. పూజావిధి రెంటిని అంగీకరించినది.

శబ్దము కొరకు పోయిన మాకు అప్పుడొక చిక్కు కలిగెను. విభూది పూయుటకు చప్పుడు లేదు. పెండ్లికి మేళమున్నది, ఉత్సవమునకు బాణసంచా యున్నది. ఈ కార్యమునకు మాత్రము వినిపించున దేదియు లేదు. తరువాత ఆ ముద్రణమును కేంద్రమునకు తెచ్చి వినగా, నున్నని గచ్చుపై వట్టిపాదముల రాపిడి, గాజుల చప్పుడు, మిరపకోత కూలీల దగ్గు, వీటన్నిటి వెనుక ఒకే వాక్యమును అలయక పలుకు గురువుగారి కంఠము వినబడినవి. ఆ వాక్యము ఊరి పెద్దకును, ఊరి చివర పూరింటి ముసలమ్మకును, చంకనెత్తుకొని తెచ్చిన పసిబిడ్డకును మారలేదు. ఈ సంగతిని శ్రోతలు కొంచెము గుర్తుంచుకొందురు గాక. దీనితో మాకు తరువాత పని కలదు.

ఈ విభూది ఎక్కడనుండి వచ్చును? పాస్కాకు ముందటి ఆదివారమును మ్రానికొమ్మల ఆదివారమనియు, మట్టల ఆదివారమనియు అందురు. ఏసుక్రీస్తు యెరూషలేము నగరము ప్రవేశించినప్పుడు జనులు కొమ్మలు పట్టి ఎదురేగిన దాని స్మరణగా ఆనాడు మన ప్రాంతమున ఈత మట్టలో, కొబ్బరి ఆకులో చేతబట్టి ఊరేగుదురు. ఆశీర్వదింపబడిన ఆ మట్టలను ఇంటికి తెచ్చి, గోడనున్న పటముల వెనుక దోపి ఏడాది పొడవున ఉంచుకొందురు. మరుసటి సంవత్సరము తపస్సు కాలము సమీపించినప్పుడు ఎండిన మట్టలను దేవాలయమునకు తిరిగి తెచ్చి కాల్చి, బూడిదను పలుచని గుడ్డతో జల్లించుదురు. నిరుటి జయజయధ్వానమే ఈయేటి బూడిద. ఈ భావమును ఉపదేశిగారు మాకు ఏ గ్రంథమును చూడకయే చెప్పిరి.

పశ్చాత్తాపమునకు గుర్తుగా బూడిద చల్లుకొనుట యూదుల ప్రాచీనాచారము. నీనెవె నగరపు రాజు సింహాసనము దిగి బూడిదలో కూర్చుండిన కథ బైబిలులో కలదు. క్రైస్తవ సంఘపు తొలి శతాబ్దములలో ఘోరపాపములు చేసినవారు బహిరంగముగా ప్రాయశ్చిత్తము చేసికొనునప్పుడు ఈ గుర్తు ధరించెడివారు. క్రమక్రమముగా, పాపము కొందరిదే కాదను ఎరుక కలిగి, అందరును దానిని స్వీకరింపసాగిరి. 1091లో ఇటలీలోని బెనెవెంటో నగరమున రెండవ ఉర్బను పోపుగారి కాలమున జరిగిన సభ ఈ ఆచారమును సంఘమంతటికి ఉపదేశించినది. నొసట సిలువ గుర్తుగా వ్రాయుట ఒక పద్ధతి, నడినెత్తిపై చల్లుట మరియొక పద్ధతి. 2021లో కరోనా వ్యాధి ప్రబలియున్నప్పుడు, గురువులు ముక్కు నోరు కప్పుకొని, వాక్యమును అందరికి కలిపి ఒక్కమారే పలికి, ఏమియు మాటలాడక తలలపై విభూదిని చల్లవలసినదని రోము నగరము నుండి ఆదేశము వచ్చినది. మృత్యువును జ్ఞప్తి చేయు కార్యమున ఆ యేడు మాటల అవసరమే అంతగా లేకపోయెనని మాకు తోచినది.

తెలుగువారికి విభూది యనగానే శివుడు స్ఫురించును. ఆ సంస్కృత శబ్దమునకు ఐశ్వర్యమని, మహిమ యని అర్థములు. శైవులకు అది పావనమైన ధారణము; మూడు రేఖలుగా ధరింతురు. కతోలికుల విభూది మూడు రేఖలు కాదు, రెండు గీతలు. పావిత్ర్యమునకు గుర్తుగా కాక, తప్పు ఒప్పుకొనుటకు గుర్తుగా ధరింతురు. అయినను మాట ఒక్కటే అయినది. భస్మమనియు, బూడిద యనియు అనువారు ఉన్నను, పల్లెలలో విభూది యను మాటయే మేము వింటిమి. ఒక భాషలో కలిసి బ్రతుకువారి మతములు ఒకదాని మాట నొకటి ఎరువు తెచ్చుకొనుట సహజము.

మాట మాత్రమే కాదు, తిథియు ఇరుగుపొరుగుగా నుండును. పాస్కా పండుగ తేదీని 325వ సంవత్సరమున నికేయ నగరమున జరిగిన మహాసభ నాటి సంప్రదాయము ననుసరించి చంద్రుని బట్టి నిర్ణయింతురు. వసంత విషువత్తు నాడు గాని, ఆ తరువాత గాని వచ్చు మొదటి పున్నమ దాటిన ఆదివారము పాస్కా. దానికి 46 దినముల ముందు విభూది బుధవారము. నడుమ వచ్చు 6 ఆదివారములు ఉపవాస దినములు కావు గనుక, వానిని తీసివేయగా 40 దినములు మిగులును. ఏసుక్రీస్తు అరణ్యమున ఉపవసించిన 40 దినములకు ఇది స్మారకము. ఫిబ్రవరి 4కు ముందుగాని, మార్చి 10కి తరువాత గాని ఈ బుధవారము రాదు. పున్నమ దాటిన ఆదివారమునుండి 46 దినములు వెనుకకు లెక్కించినచో మనము అమావాస్య దాపునకు వత్తుము. మహాశివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, అనగా అమావాస్యకు ముందునాడు. కనుకనే ఈ రెండును అనేక సంవత్సరములలో ఒకే వారమున వచ్చును. 2022లో మార్చి 1 శివరాత్రి. మరునాడే విభూది బుధవారము. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15న, విభూది బుధవారము ఫిబ్రవరి 18న. కొన్ని యేండ్లలో నెల యెడమగును. 2024లో విభూది బుధవారము ఫిబ్రవరి 14న రాగా, శివరాత్రి మార్చి 8న వచ్చినది. 2025లో రంజాను ఉపవాసములును విభూది బుధవారము వచ్చిన వారముననే ఆరంభమైనవి. ఒకే వీధిలో రెండిండ్లవారు రెండు కారణములచేత పగటి భోజనము మానిన సందర్భమది.

తపస్సు కాలమునకు ముందు కతోలికుల ఇండ్లలో కొంత సందడి యుండును. ఈ 40 దినములలో వివాహములు జరుపుట సామాన్యముగా మానుదురు గనుక, ముహూర్తములన్నియు ముందునకు జరుగును. విజయవాడ గుణదల కొండపై మేరీమాత ఉత్సవము ఫిబ్రవరి 11న వచ్చును. 1924లో ఆర్లాటి యను ఇటలీ దేశపు గురువు అచ్చట దేవమాత స్వరూపమును ప్రతిష్ఠించినది మొదలు, కతోలికులే కాక హిందువులును వేలకొలదిగా ఆ కొండ యెక్కుచున్నారు. 2024లో ఉత్సవము ఆదివారము నాడు ముగియగా, బుధవారము నాటికే విభూది. తలనీలాలు, కొబ్బరికాయలు, మైకులు, అంగళ్లు – మూడు దినముల అనంతరము ఒక గిన్నెడు బూడిద. ఉత్సవమున భక్తుడు దేవమాతను ఏమైనను కోరుకొనును. బుధవారము నాడు అతనినే ఏదియో అడుగుదురు.

అడుగునది మూడు విషయములు: ప్రార్థన, ఉపవాసము, దానము. ఆ ఉదయపు పూజలో చదువబడు మత్తయి సువార్త భాగము ఈ మూటిని గురించినదే. ఇచ్చట ఒక విచిత్రము కలదు. నలుగురు చూచునట్లు ఉపవసింపవద్దనియు, ముఖము కడుగుకొని ఎప్పటివలెనే ఉండవలెననియు ఆ భాగము బోధించును. అది విని, వెంటనే జనులు నొసట బూడిదతో ఊరిలోనికి పోవుదురు! ఈ సందేహమును మేము ఉపదేశిగారి ముందుంచితిమి. ఆయనకు డెబ్బది యేండ్లు దాటినవి. ఆయన కొంతసేపాలోచించి, "ఉపవాసం గొప్ప అండీ, దాన్ని దాచుకోమన్నారు. బూడిద గొప్ప కాదుగా. అది తప్పు చేశానని ఒప్పుకోవడం. తప్పు నలుగురిలోనే ఒప్పుకోవాలి" అనిరి. ఇంతకంటె స్పష్టమైన సమాధానము మాకు దొరకలేదు.

ఉపవాస నియమము కాలక్రమమున సడలినది. పూర్వము తపస్సు కాలమంతయు ఒంటిపూట భోజనముతో గడపెడివారు. 1966లో ఆరవ పౌలు పోపుగారు చేసిన మార్పుల ననుసరించి, తప్పనిసరియైన ఉపవాసము విభూది బుధవారమునకును, పవిత్ర శుక్రవారమునకును పరిమితమైనది. 18 ఏండ్లు నిండినవారు 60వ ఏట ప్రవేశించువరకు ఆ రెండు దినములలో ఒక్కపూట మాత్రమే కడుపునిండ భుజింపవలెను. 14 ఏండ్లు నిండిన వారందరును మాంసమును మానవలెను. రోగులను, గర్భిణులను, కాయకష్టము చేయువారిని నిర్బంధింపరు. నియమము సడలినదే కాని, మేము చూచిన గ్రామములో నలువది దినములు మాంసము ముట్టని ఇండ్లును, ప్రతి శుక్రవారము పొయ్యి ఆలస్యముగా వెలిగించు ఇండ్లును కలవు.

పూజ ముగిసి, కూలివారు ఆటోల కొరకు నిలిచియుండగా, ఒక అవ్వను పలుకరించితిమి. "అవ్వా, ఈ రోజు మీరు కూడా ఉపవాసమేనా?" అని అడిగితిమి. ఆమె నవ్వి, "మాకు ఉపాసం కొత్తా బాబూ? పని దొరకని రోజల్లా ఉపాసమే" అనినది. ఆ మాటతో సంభాషణ ముగిసినదని మేము అనుకొంటిమి. కాని ఆమె క్యారియరును ఒక చేతినుండి వేరొక చేతికి మార్చుకొని, "ఆకలి వేరు, ఉపాసం వేరు బాబూ. ఆకలి మనల్ని అడక్కుండా వస్తది. ఉపాసం మనం పిలిస్తే వస్తది. ఆ పూట మిగిలిన గింజలు ఇంకొకరికి పెట్టకపోతే అది కూడా వట్టి ఆకలే" అనినది. ఆమె ఇంటిలో ఒక మట్టిముంత యున్నదట. తపస్సు కాలమున ప్రతిదినము ఎసరు పెట్టునప్పుడు ఒక పిడికెడు బియ్యము అందులో వేయును. పవిత్ర శుక్రవారము నాటికి ముంత నిండును. ఆ బియ్యము ఎవరికిత్తురని అడుగగా, "నాకంటే లేనివాళ్లకి" అని చెప్పి ఆటో ఎక్కినది. దేశమందలి కతోలిక మేత్రాణుల ఆధ్వర్యమున 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా సంస్థయు ప్రతి యేడు తపస్సు కాలముననే ఆకలి నివారణకై విరాళములు సేకరించును. ఆ పెద్ద సంస్థకును, ఈ మట్టిముంతకును మూలసూత్రమొక్కటే.

ఇక ముందు చెప్పెదమన్న విషయమునకు వత్తుము. ఒకే గిన్నెలోని బూడిద, ఒకే వాక్యము – అందరికి సమానము. దేవాలయము వెలుపల ఆ సమానత్వము ఎంతదూరము నడచును?

తెలుగుదేశమున కతోలికుల చరిత్ర మూడు శతాబ్దములది. 18వ శతాబ్దారంభమున ఫ్రెంచి జెస్విట్ గురువులు పుంగనూరు ప్రాంతమున మతబోధ చేసిరి. వారిలో కాల్మెత్ అను గురువు తెలుగును సంస్కృతమును అభ్యసించి, వేదముల వ్రాతప్రతులను ఫ్రాన్సు రాజు గ్రంథాలయమునకు సంపాదించి పంపెను. 1773లో జెస్విట్ సభ రద్దగుటతో ఆ కృషి సన్నగిల్లినది. 19వ శతాబ్దమున విశాఖపట్టణమునకు 1846లోను, హైదరాబాదునకు 1855లోను, నెల్లూరు గుంటూరు ప్రాంతములకు 1875లోను క్రొత్త మిషనరీ సభలు వచ్చినవి. మొదటి కాలమున విశ్వాసులైనవారిలో భూవసతి గల రైతు కులములవారు అనేకులు. తరువాతి కాలమున మాల మాదిగ కుటుంబములవారు పెద్దసంఖ్యలో చేరిరి. ఇరువురును ఒక్క దేవాలయముననే మోకరిల్లిరి. కాని కులమును గుమ్మము బయట విడిచి రాలేదు. అనేక గ్రామములలో కూర్చుండు స్థలములు వేరు, వీధులు వేరు, తుదకు శ్మశానములును వేరు. ఇది కతోలికులకే చెందిన దోషమని మేము చెప్పము. మన ఊళ్లన్నిటి దోషమిది. అయితే ప్రభుత్వ విధానమువలన క్రైస్తవ దళితులకు మరియొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడిపెట్టినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసిన సవరణ క్రైస్తవులకు జరుగలేదు. అంటరానితనము పాపమనియు, అది సంఘములోపల ఇంకను మిగిలియున్నదనియు భారతదేశపు మేత్రాణుల సమాఖ్య 2016లో ఒక విధానపత్రమున ఒప్పుకొన్నది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోనిగారు కార్డినలుగా నియుక్తులైరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి నందిన ప్రథములు వారే.

మేము పోయిన గ్రామములో ఈ ప్రశ్న ఒక ఊరేగింపు రూపమున వచ్చినది. తపస్సు కాలమున ప్రతి శుక్రవారము సిలువమార్గము జరుపుదురు. ఏసుక్రీస్తు మరణతీర్పు పొందినది మొదలు సమాధి చేయబడుటవరకు 14 స్థలములు; ఒక్కొక్క చోట ఆగి, మోకరించి ధ్యానింతురు. ఈ సంఖ్యను 1731లో పండ్రెండవ క్లెమెంటు పోపుగారు స్థిరపరచిరి. ఆ గ్రామమున వెలుపల జరుపు సిలువమార్గము ఎన్నియో యేండ్లుగా దేవాలయము నుండి ఊరి పెద్దవీధి చివరివరకు పోయి తిరిగివచ్చుచుండెను. పేటలోనికి పోలేదు. ఆ యేడు గురువుగారు 7 స్థలములు పెద్దవీధిలోను, 7 స్థలములు పేటలోను ఉండవలెనని ప్రతిపాదించిరి.

విభూది బుధవారపు సాయంకాలము పూజానంతరము గురువుగారి ఇంటి వసారాలో పెద్దలు దీనిని చర్చించిరి. మా యంత్రమును నిలిపివేయుమని కోరగా నిలిపితిమి. అందుచేత మాటలను యథాతథముగా చెప్పము. ఎవరి వీధిలో వారు జరుపుకొనుట మేలని ఒక పెద్దరైతు అనెను. పేటలో వీధి ఇరుకు, మురుగు పారును, స్త్రీలు మోకరింపలేరని మరియొకరు అనిరి. ఈ మాట అబద్ధము కాదు. మురుగు పారుచునే యున్నది. అది ఎందుకు పారుచున్నదని ఎవరును అడుగలేదు. ఉపదేశిగారు పేటవారు. ఆయన చాలసేపు మాటలాడలేదు. చివరకు, "నలభై యేళ్లు మీ పిల్లలకి జపాలు నేర్పాను. మా గుమ్మం ముందు ఒక్కసారి మోకరిల్లమని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ నేను అడగలేదు, ఫాదరుగారు అడిగారు" అని లేచి, మరునాటి ఉదయమునకు గంట త్రాడు సరిచేయుటకు పోయిరి. అక్కడున్న వారందరి నొసటను ఉదయపు గుర్తో, సాయంకాలపు గుర్తో ఇంకను ఉండెను. తీర్మానమేదియు వ్రాసికొనలేదు. శుక్రవారము 14 స్థలములును జరుగునని మాత్రము గురువుగారు చెప్పిరి.

మేము శుక్రవారము వరకు నిలిచితిమి. ఊరేగింపు నాలుగు గంటలకు బయలుదేరినది. సిలువ బరువైన వేపదూలము. ఇద్దరు లేనిదే మోయరాదు. స్థలము మారినప్పుడెల్ల భుజములు మారవలెను. పెద్దవీధిలోని 7 స్థలములు పెద్దవీధి యువకులు మోసిరి. ఏడవ స్థలమున, ఏసుక్రీస్తు రెండవమారు పడిపోయిన ఘట్టమున, నీళ్లట్యాంకు మలుపు వద్ద పేట యువకులు వచ్చి నిలిచిరి. అచ్చటనే జనము పలుచబడినది. కొందరు ట్యాంకు అరుగుమీద కూర్చుండిరి, కొందరు ఇండ్లకు మరలిరి, కొందరు నడచిరి. ముందుకొనను పేటవాడొకడు అందుకొనెను. వెనుకకొన మోయుచుండిన పెద్దవీధి యువకునికి, ఇక దింపుమని ఎవరో చెప్పిరి. అతడు విన్నాడో లేదో తెలియదు, దింపలేదు. మురుగు దాటి, ఇరుకు వీధిలో, పదునాలుగవ స్థలము వరకు మోసెను. పేటలోని స్త్రీలు ప్రతి స్థలము వద్దను ఒక చాప పరచియుంచిరి. ఉపదేశిగారి గుమ్మము ముందు పదవ స్థలము వచ్చినది. ఆయన అందరితోపాటు మోకరించి, అందరికంటె ఆలస్యముగా లేచిరి. ఆ యువకుడు ఆ పెద్దరైతు కుమారుడని మాకు తరువాత తెలిసినది.

ఇంతటితో ఆ ఊరిలో కులము పోయినదని చెప్పుటకు మేము సాహసింపము. పదునాలుగవది సమాధి స్థలము గనుక, ఊరేగింపు శ్మశానము వద్ద ముగిసెను. ఆ శ్మశానమున నడుమ నడుమెత్తు గోడ యొకటి యుండెను. ఇటువారు ఇటు, అటువారు అటు. గురువుగారు ఏ ప్రక్క గుమ్మములోనికిని పోక, గోడ మొదలయిన చోట, బాటమీదనే నిలిచి కడపటి ప్రార్థన చెప్పిరి. మనుష్యుడు మట్టిలో కలియునను మాటను రెండు దినముల ముందు విన్నవారమే అందరమును. మట్టిలో కలిసిన పిమ్మటను గోడ యుండుట అప్పుడు కన్నులకు కట్టినట్లు కనబడెను. రెండేండ్ల తరువాత మేము ఆ విచారణకు ఫోను చేసి కుశలమడిగితిమి. గోడ ఇంకను ఉన్నదనిరి. శుక్రవారపు సిలువమార్గము మాత్రము ప్రతి యేడు రెండు వీధులలోను నడచుచున్నదనియు, పేట వీధికి మురుగుకాలువ వేసిరనియు చెప్పిరి. ఉపదేశిగారు కులాసాగా నున్నారు.

తపస్సు కాలమనునది తలచినంతనే ఫలించు వ్రతము కాదు. 40 దినములు పెట్టుకొనుటలోనే ఆ యెరుక కలదు. ఒక దినమున మారువాడైనచో మనుష్యునికి ఒక దినమే చాలియుండెడిది. ప్రతి సంవత్సరము మరల బూడిద దగ్గరకు రావలసిన పని లేకపోవును. మిరపచేలలో పనిచేయువారి నొసటి విభూది మధ్యాహ్నము కాకముందే చెమటతో కరగిపోవునని మేము ఆనాడు చూచితిమి. గుర్తు నిలువదు, అది నిలువవలెనని ఎవరును కోరరు. ముంతలో వేసిన పిడికెడు బియ్యమును, మలుపు వద్ద దింపని సిలువకొనయు – ఇట్టివే ఆ బుధవారము నుండి మిగులునవి.

శ్రోతలలో కతోలికులు కానివారే అధికసంఖ్యాకులని మేమెరుగుదుము. ఈసారి ఫిబ్రవరిలోనో, మార్చిలోనో ఒక బుధవారము ఉదయమున ఎవరి నొసటనైనను బూడిద గుర్తు కనబడినచో, వింతగా చూడక, "ఈ పూట భోజనం చేశారా?" అని అడుగవద్దని మాత్రము మనవి. చేయలేదని చెప్పవలసివచ్చుట వారికి ఇబ్బంది. వారి సువార్త దానిని దాచుకొమ్మన్నది.